కలుపులో చేప – ప్లాస్టిక్ వానపాము



కొన్నేళ్ళ క్రితం నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రవాడొకడు ఇప్పుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు నన్ను చూడడానికి వచ్చి, ఒక చిన్న పొట్లం చేతిలో పెట్టాడు. విప్పి చూద్దును కదా, ఊదారంగు వానపాము! జానెడు పొడవుంది. పట్టుకుంటే మెత్తగా సాగుతోంది. మర్నాడు దాన్ని తరగతిలో బల్లమీద పెట్టేసరికి ముందు వరుసలో పిల్లలు కాళ్ళు పైకి తీసుకున్నారు. అది ప్లాస్టిక్‌దని తెలిశాక ఒకటే నవ్వులు.

"మాస్టారూ! అక్కడ సరదాకి చేపలు పట్టేవాళ్ళు దీన్ని గాలానికి గుచ్చి, దట్టంగా కలుపు పెరిగిన నీళ్ళలో వేస్తారు. నేనూ నేర్చుకున్నాను. కాని రెండు సందేహాలు తీరలేదు. అంత కలుపులో ఈ గాలం చిక్కుకోకుండా ఎలా వస్తుంది? రెండోది – మొన్న నేను కోసిన చేప కడుపులో ఇలాంటివే రెండున్నాయి. కొత్తవాటికంటే లావుగా ఉన్నాయి. ఎందుకని?" అని అడిగాడు.

అతని ప్రశ్నలకు జవాబులు చాలావరకు మీ సైన్సు పాఠాల్లోనే ఉన్నాయి. ఒక్కొక్కటే చూద్దాం.

పెద్దనోటి చేప

వాళ్ళు పట్టే చేప పేరు లార్జ్‌మౌత్ బాస్. అంటే పెద్దనోటి బాస్ అన్నమాట. నోరు మూసుకున్నప్పుడు దాని పై దవడ కొస కన్ను దాటి వెనక్కి పోయి ఉంటుంది. ఒంటి పక్కన తల నుంచి తోకదాకా నల్లని చార. ఉత్తర అమెరికా తూర్పు, మధ్య భాగాల్లోని సరస్సులు, నెమ్మదిగా పారే నదులు దీని పుట్టిల్లు. చిన్న చేపలు, కప్పలు, రొయ్యలాంటి క్రేఫిష్‌లు దీని ఆహారం. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో జార్జ్ పెర్రీ అనే ఆయన పట్టిన బాస్ 22 పౌన్ల 4 ఔన్సులు, అంటే 10 కిలోలకు కాస్త పైన తూగింది. 77 ఏళ్ళపాటు దానికి సాటి రాలేదు. 2009 జులై 2న జపాన్‌లోని బీవా సరస్సులో మనాబు కురిటా పట్టిన బాస్ దానితో సరితూగింది.

మన కొర్రమీనుకూ దీనికీ చుట్టరికం లేదు గాని, అలవాట్లలో పోలిక ఉంది. రెండూ కలుపును ఆసరా చేసుకుని, పొంచి ఉండి, ఒక్కసారిగా ఎరమీద పడతాయి. ఒక్క తేడా గుర్తుంచుకోండి. కొర్రమీను పైకి వచ్చి గాలి మింగగలదు. బాస్ అలా చెయ్యలేదు. నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌మీదనే అది ఆధారపడాలి.

మీకు తెలిసిన మొక్కే

ఆ సరస్సుల్లోని కలుపు మొక్కల్లో ముఖ్యమైనదాని పేరు చెబితే మీరు ఆశ్చర్యపోతారు. అది హైడ్రిల్లా! కిరణజన్య సంయోగక్రియ ప్రయోగంలో బీకరు నీళ్ళలో పెట్టి, పైన గరాటు, దానిమీద పరీక్షనాళిక బోర్లించి, ఎండలో ఉంచి బుడగలు లెక్కపెడతారే, ఆ మొక్కే.

మన ప్రాంతపు చెరువుల్లో పెరిగే ఈ మొక్క అమెరికాది కాదు. 1950ల మొదట్లో అద్దాల తొట్లలో అలంకరణ కోసమని శ్రీలంక నుంచి ఫ్లోరిడాకు తెప్పించారు. అక్కడి నుంచి కాలువల్లోకి, నదుల్లోకి పాకింది. అనుకూలిస్తే రోజుకు అంగుళం దాకా పెరుగుతుంది. చిన్న ముక్క తెగి పడినా కొత్త మొక్క అవుతుంది. ఇప్పుడది టెక్సాస్‌తో సహా అనేక దక్షిణ రాష్ట్రాల జలాశయాల్లో ఉంది. దాన్ని తగ్గించడానికి కొన్నిచోట్ల గడ్డిచేపలను కూడా వదులుతారు.

హైడ్రిల్లా నీటి పైకి చేరాక కొమ్మలు వేసి చాపలా పరుచుకుంటుంది. వెలుతురంతా ఆ చాప పట్టేసుకుంటుంది. అందువల్ల కింద ఆకులు తక్కువై, కాడల మధ్య కొంత ఖాళీ మిగులుతుంది. బీర పందిరి కింద నిలబడ్డారనుకోండి, అలా ఉంటుంది. పైన ఆకుపచ్చ కప్పు, కింద నీడ, చల్లదనం. పగలు ఆ ఆకుల నుంచి ఆక్సిజన్ వస్తుంది. కాని రాత్రి మొక్కలూ శ్వాసించి ఆక్సిజన్ వాడుకుంటాయి. అందుకని మరీ దట్టమైనచోట తెల్లవారుజాముకు ఆక్సిజన్ బాగా తగ్గిపోవచ్చు. పందిరి అంచులూ, మధ్యలోని సందులూ చేపకు మేలైన చోట్లు కావడానికి ఇదొక కారణం.

వెంటాడడమా, పొంచి ఉండడమా?

కలుపు ఎంత దట్టంగా ఉంటే చేపకు అంత మంచిదని మనం అనుకుంటాం. నిజమేనా? అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో సావినో, స్టైన్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్షించి 1982లో ఫలితాలు ప్రకటించారు. తొట్లలో మొక్కల కాడలకు బదులు ప్లాస్టిక్ తాళ్ళు నిలువుగా కట్టారు. ఒక తొట్టిలో అసలు లేవు. మిగిలినవాటిలో చదరపు మీటరుకు 50, 250, 1000 చొప్పున పెట్టారు. బాస్‌నూ, అది తినే చిన్న చేపలనూ వదిలి గమనించారు.

చదరపు మీటరుకు 1000 అంటే ఒక్కొక్క కాడకు 10 చదరపు సెంటీమీటర్ల చోటు. అంటే కాడకూ కాడకూ మధ్య సుమారు 3 సెంటీమీటర్లు. 250 అయితే 6 సెంటీమీటర్లు. 50 అయితే 14. మీరూ లెక్క కట్టి చూడండి. చిన్న చేప మూడు సెంటీమీటర్ల సందుల్లోంచి దూరిపోతుంది. పెద్ద బాస్ దాని వెంట పోలేదు. కాడలు పెరిగినకొద్దీ బాస్‌కు చిక్కిన చేపల సంఖ్య తగ్గిపోయింది. అన్నిటికంటే దట్టమైన తొట్టిలో దాదాపు ఏమీ దొరకలేదు. అంతేకాదు, బాస్ తన పద్ధతిని కూడా మార్చుకుంది. తిరుగుతూ వెతకడం మానేసి, ఒకచోట కదలకుండా పొంచి ఉండడం మొదలుపెట్టింది.

ఇందులోనే మన కథకు కీలకం ఉంది. కలుపులో ఉన్న బాస్ దూరం పోయి వెంటాడదు. ఎరే దాని ముంగిటికి రావాలి. అంటే గాలం కలుపు అంచున కాదు, కలుపు మధ్యలోకే పోవాలి. పోయి, మొక్కలకు చిక్కకుండా తిరిగి రావాలి.

మొనను దాచే ఉపాయం

చిన్నప్పుడు మా ఊరి చెరువులో గాలం వేసిన రోజులు నాకు గుర్తున్నాయి. లాగితే చేప రాదు, గుప్పెడు కలుపు వస్తుంది! ఇంకాస్త గట్టిగా లాగితే దారం తెగుతుంది. కొక్కెపు మొన బయటికి ఉండడమే దానికి కారణం.

టెక్సాస్ రిగ్ అని పిలిచే కట్టులో ఈ చిక్కును తప్పించారు. కొక్కెపు మొనను ప్లాస్టిక్ పురుగు తలలో కొద్దిగా గుచ్చి, పక్కనుంచి బయటికి తీస్తారు. తర్వాత కొక్కేన్ని సగం తిప్పి, మొనను మళ్ళీ పురుగు ఒంట్లోకి గుచ్చి దాచేస్తారు. పురుగు తిన్నగా వేలాడుతుంది. మొన ఎక్కడా బయటికి కనిపించదు. పురుగుకు పైన, దారానికి, తూటాలాంటి కోసు గుండు ఉంటుంది. దాని సన్నని ముక్కు కాడలను పక్కలకు తోసుకుంటూ పోతుంది.

మరి కాడలకు తగలని మొన చేప నోటికి ఎలా గుచ్చుకుంటుంది? కాడ పురుగుకు పక్కగా రాసుకుని జారిపోతుంది. దాని తోపుడు స్వల్పం. చేప నోట్లో సంగతి వేరు. దవడలు రెండు వైపుల నుంచీ నొక్కుతాయి. అదే క్షణంలో మనిషి కర్రను గట్టిగా పైకి గుంజుతాడు. మెత్తని ప్లాస్టిక్ నలిగి పక్కకు తప్పుకుంటుంది. అంత బలమూ సూదిమొనంత వైశాల్యం మీద పడుతుంది. బలాన్ని వైశాల్యంతో భాగిస్తే పీడనం కదా! వైశాల్యం ఎంత చిన్నదైతే పీడనం అంత ఎక్కువ.

మీరూ చేసి చూడండి. పళ్ళెంలో బంకమట్టి పరిచి, చీపురుపుల్లల ముక్కలు దగ్గర దగ్గరగా నాటండి. కాగితాలకు పెట్టే క్లిప్పును కొక్కెంలా వంచి, దారం కట్టి, పుల్లల మధ్య నుంచి లాగండి. ఎన్నిసార్లు చిక్కుకుందో రాసుకోండి. తర్వాత సైకిలు వాల్వు ట్యూబు ముక్క ఒకటి తీసుకుని, క్లిప్పు కొనను అందులో దాచి లాగండి. తేడా తెలుస్తుంది. ఇప్పుడు ట్యూబును రెండు వేళ్ళతో నొక్కి క్లిప్పును గుంజండి. కొన ఎలా బయటపడుతుందో చూడండి. అసలు గాలంతో మాత్రం ఈ పని చెయ్యకండి.

మెత్తదనం ఎక్కడిది?

ఈ ఉపాయమంతా పురుగు మెత్తగా ఉండడం మీద ఆధారపడింది. చెక్క ఎరలోనో, ఇనుప ఎరలోనో మొనను ఇలా దాచలేం. మరి ఆ మెత్తని పదార్థం ఏమిటి?

అది పి.వి.సి. – పాలివినైల్ క్లోరైడ్. మీ ఇంటి నీళ్ళ గొట్టాలు దానితో చేసినవే. గట్టి గొట్టమూ, సాగే పురుగూ ఒకే పదార్థమా అనిపిస్తుంది. పి.వి.సి. అణువులు పొడవాటి దారాల్లాంటివి. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. వాటి మధ్యకు నూనెలాంటి ద్రవపు అణువులు చొరబడితే ఆ పట్టు సడలి, దారాలు ఒకదానిమీద ఒకటి జారతాయి. ఉడికిన సేమియా ముద్దకట్టినప్పుడు కాస్త నెయ్యి వేస్తే పోగులు విడివడి జారడం చూశారు కదా! అలాగే ఇదీను. ఇలా మెత్తబరచే ద్రవాన్ని ప్లాస్టిసైజర్ అంటారు.

ఈ సంగతిని 1926లో అమెరికాలోని ఏక్రన్ నగరంలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. ఏక్రన్ టైర్ల కంపెనీలకు పేరుపొందిన ఊరు. లోహానికి రబ్బరును అతికించే జిగురు కోసం వెతుకుతూ, పి.వి.సి.ని వేడి ద్రావణిలో కరిగించాడు. జిగురు రాలేదు గాని, రబ్బరులా సాగే పదార్థం వచ్చింది. అదే నగరంలో 1949లో నిక్ క్రీమ్ అనే ఆయన, భార్య కాస్మాతో కలిసి, ఇంట్లోనే ఈ మెత్తని ప్లాస్టిక్‌తో వానపామును పోతపోశాడు. తర్వాత వారి సంస్థ టెక్సాస్‌లోని టైలర్‌కు తరలింది. చెట్లు మునిగి, కలుపు పెరిగిన ఆ ప్రాంతపు జలాశయాల్లోనే మొనను దాచే కట్టుకు పేరు వచ్చింది. ఈ పోతపని ఇంట్లో చేయడానికి మీరు ప్రయత్నించకండి. పి.వి.సి. మితిమీరి వేడెక్కితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వెలువడుతుంది.

ఈ పదార్థం మీ జామెట్రీ పెట్టెలోనూ ఉంది. తెల్లని మెత్తటి రబ్బరును ప్లాస్టిక్ స్కేలు మీద పెట్టి వేసవి సెలవులు గడిపారా? తీసి చూస్తే రబ్బరు స్కేలుకు అతుక్కుని, గుంట పడి ఉంటుంది. మెత్తని పి.వి.సి.లోని ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికి వచ్చి స్కేలును కరిగిస్తుంది. ప్లాస్టిక్ పురుగులను గట్టి ప్లాస్టిక్ ఎరలతో కలిపి ఒకే పెట్టెలో ఉంచితే ఇదే జరుగుతుంది. ప్లాస్టిసైజర్ ఉన్నచోట ఉండిపోయేది కాదని గుర్తుంచుకోండి. దీనితో మనకు మళ్ళీ పని ఉంది.

చేప ఎలా మోసపోతుంది?

పురుగు నీటికంటే కొద్దిగా మాత్రమే బరువు. అందుకే చిన్న గుండుతో అయితే తోక ఆడిస్తూ నెమ్మదిగా దిగుతుంది. ఆ కదలిక నీటిలో సన్నని అలజడి పుట్టిస్తుంది. చేప ఒంటి పక్కన ఉండే పార్శ్వరేఖ అనే జ్ఞానేంద్రియం ఆ అలజడిని పసిగడుతుంది. కలుపులో దూరపు చూపు ఆనదు కాబట్టి దగ్గరి అలజడి మరీ ముఖ్యం.

ఇక కన్ను. మన కంటిలో రంగులను గుర్తించే శంకుకణాలు మూడు రకాలు. బాస్ కంటిలో రెండే రకాలున్నాయనీ, ఒకటి ఆకుపచ్చకూ, మరొకటి ఎరుపుకూ బాగా స్పందిస్తాయనీ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన తెలిపింది. 2019లో వెలువడిన ఈ పరిశోధనలో బాస్‌లకు రంగులు గుర్తుపట్టడం నేర్పి చూశారు. ఎరుపును చక్కగా గుర్తుపట్టాయి. కాని నీలానికీ నలుపుకూ, మెరిసే లేతపసుపుకూ తెలుపుకూ తేడా తెలుసుకోలేకపోయాయి. దుకాణాల్లో వందలాది రంగుల పురుగులు అమ్ముతారు. అందులో కొన్ని రంగుల తేడా చేపకంటే కొనేవాడికే ఎక్కువ కనిపిస్తుందేమో!

ఎర దగ్గరికి రాగానే బాస్ నోటినీ, మొప్పల కప్పులనూ హఠాత్తుగా తెరుస్తుంది. నోటిలోపలి చోటు ఒక్కసారిగా పెరిగి పీడనం తగ్గుతుంది. నీరు లోపలికి దూసుకుపోతుంది, దానితో ఎర కూడా. కనురెప్ప పాటులో జరిగిపోయే పని ఇది. గట్టి వస్తువైతే చేప వెంటనే ఉమ్మేస్తుంది. మెత్తనిది నిజమైన ఆహారంలా తోచి, మరికొద్ది సేపు నోట్లో ఉంచుకుంటుంది. ఆ కాస్త వ్యవధే మనిషికి కావాలి.

చాప మీద కప్ప, చాప కింద పురుగు

కలుపు నీటి పైన చాపలా పరుచుకుంటే పురుగు దిగదు. అప్పుడు రెండు దారులు.

ఒకటి, బోలు కప్ప. లోపల గాలి ఉన్న మెత్తని ప్లాస్టిక్ కప్పకు రెండు కొక్కేలు వీపుకు ఆనుకుని, మొనలు పైకి తిరిగి ఉంటాయి. దాన్ని కలుపు చాప మీద గెంతిస్తూ లాగుతారు. చేప కరిచినప్పుడు బోలు శరీరం అణిగిపోయి మొనలు బయటపడతాయి. కలుపు చీల్చుకుని చేప పైకి దూకడం చూడగానే గుంజితే ఎర జారిపోతుంది. క్షణం ఆగాలి. తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను కోసం మన దగ్గరా ఇలాంటి రబ్బరు కప్పలు వాడేవారున్నారు.

రెండోది, చాపను చిల్లు పొడిచే బరువైన గుండు. 28 గ్రాముల సీసం సుమారు రెండున్నర ఘనసెంటీమీటర్లు ఉంటుంది. అంతే బరువున్న టంగ్‌స్టన్ ఒకటిన్నర ఘనసెంటీమీటర్లకు మించదు. సీసం సాంద్రత 11.3, టంగ్‌స్టన్‌ది 19.3 మరి! చిన్న గుండు సన్నని సందులోంచి దూరుతుంది. పైగా సీసం విషం. తెగిపడిన సీసపు గుండ్లను మింగి లూన్ అనే నీటి పక్షులు చనిపోతున్నాయని న్యూ హాంప్‌షైర్ వంటి రాష్ట్రాలు చిన్న సీసపు గుండ్లను నిషేధించాయి.

తెగిపోయిన పురుగు సంగతి

ఇక మనవాడి రెండో ప్రశ్న. మెత్తదనం వల్లనే పురుగు పని చేస్తుంది. ఆ మెత్తదనం వల్లనే చిరిగి కొక్కెం నుంచి ఊడిపోతుంది కూడా. నిజమైన వానపాము ఊడి పడితే కుళ్ళి మట్టిలో కలుస్తుంది. ఇది కుళ్ళదు. అడుగున పడి, చేప కంటికి ఆహారంలాగే కనిపిస్తూ ఉంటుంది.

2009లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు పరిశోధకులు బ్రూక్ ట్రౌట్ అనే చేపలున్న తొట్లలో ఇలాంటి ఎరలు వేసి చూశారు. గాలమూ లేదు, దారమూ లేదు. అయినా చాలా చేపలు తమంతట తామే మింగాయి. మింగినవి 90 రోజుల్లోగా బరువు తగ్గాయి, మేతమీద ఆసక్తి కోల్పోయాయి. కడుపు నిండినట్టుంటుంది, బలం మాత్రం రాదు! 2014లో కెనడా శాస్త్రజ్ఞులు ఇలాంటి ఎరలను చాలాకాలం నీళ్ళలో నానబెట్టి చూస్తే అనేకం నీరు పీల్చుకుని ఉబ్బాయి, బరువెక్కాయి. అదే పరిశోధనలో ఒక సరస్సులోని చేపల కడుపులు పరీక్షిస్తే, ఎరలున్న చేపలు కొద్ది శాతమే. కాబట్టి సరస్సులన్నీ పాడైపోయాయని గగ్గోలు పెట్టనక్కరలేదు. అలాగని ఆ కొద్ది చేపలకు కలిగే బాధ అబద్ధమూ కాదు.

ఇప్పుడు జవాబు చెప్పండి. కడుపులోని పురుగులు లావుగా ఎందుకున్నాయి? నీరు చేరి ఉబ్బాయి కాబట్టి. ఎందుకు జీర్ణం కాలేదు? పి.వి.సి.ని విడగొట్టే ఎంజైము చేపకు లేదు కాబట్టి. ఎందుకు బయటికి పోలేదు? ఉబ్బినది కడుపు నుంచి పేగులోకి పోయే సన్నని దారి దాటలేదు కాబట్టి. ఇక స్కేలును కరిగించిన ప్లాస్టిసైజర్ మాట! అది నీళ్ళలోకీ కొంత ఊరుతుంది. ఏ రకం ప్లాస్టిసైజర్ వాడారన్నదాన్ని బట్టి దాని మంచిచెడ్డలు మారతాయి.

ఇవన్నీ మనవాడికి ఉత్తరంలో రాశాను. జవాబు వచ్చింది. పడవలో ఇప్పుడొక మూతడబ్బా పెట్టుకున్నాడట. చిరిగిన పురుగులన్నీ అందులో వేసి ఒడ్డుకు తెస్తాడట. పురుగు తల దగ్గర చిన్న రబ్బరు ఉంగరం తొడిగితే తొందరగా చిరగడం లేదని కూడా రాశాడు. చేపను పట్టే తెలివి ఉన్నవాడికి పారేసినదాన్ని ఏరుకునే ఓపిక కూడా ఉండాలి కదా!

మా తరగతిలోని ఊదారంగు పురుగు ఇప్పుడు గాజు సీసాలో ఉంది. ప్లాస్టిక్ డబ్బాలో ఎందుకు పెట్టలేదో మీకు తెలుసు. మీరు కూడా ఒక తెల్లరబ్బరును పాత ప్లాస్టిక్ స్కేలు మీద, ఇంకొకదాన్ని గాజుపలక మీద పెట్టి, నెల రోజుల తర్వాత తీసి చూడండి. ఏం కనిపించిందో మీ సైన్సు నోటుపుస్తకంలో రాసుకోండి.